వదిన బల్ల తట్టింది

పేకముక్కలు కాస్త తడిగా ఉన్నాయి, అయినా వదిన వాటిని చీర కుచ్చిళ్ళు పోసుకున్నంత తీరిగ్గా విప్పి పట్టుకుని, నల్లవీ ఎర్రవీ పక్కపక్కన వచ్చేలా ఒక్కొక్కటే సర్దుకుంటోంది, సర్దుకుంటూ మధ్యలో ఒకసారి తలెత్తి, "ఆ చీర మీదకి ఆ జాకెట్టేంటే హైమా, నేను లేకపోతే ఇంట్లో అద్దం కూడా కరువైందా?" అంటోంది. హైమవతికి నవ్వొస్తోంది. వదిన ఆషాఢంలో పోయింది, ఇప్పుడు కార్తీకం, ఆ సంగతి హైమవతికి బాగా తెలుసు, వదినకీ తెలుసు, కానీ ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎప్పుడొచ్చావని అడగొచ్చు గాని ఎప్పుడు వెళ్తావని అడగకూడదు కదా, అందుకని ఆ మాట ఇద్దరూ ఎత్తడం లేదు. కలలోనూ మర్యాదలుంటాయి.

గది కాకినాడలో వాళ్ళ క్లబ్బు పేకాట గదే. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు, కిర్రుమనే ఫ్యాన్లు, గోడ మీద కోట్లు వేసుకున్న పాత సెక్రెటరీల ఫొటోలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నేల మాత్రం లేదు. నేల ఉండాల్సిన చోట తారు పూసిన చెక్కలున్నాయి, చెక్కల సందుల్లోంచి ఎర్రటి వరదనీళ్ళు కనిపిస్తున్నాయి, గది మెల్లగా పక్కకి జరుగుతోంది, ఎందుకంటే ఇది కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కూడాను. పంటు మీద పేకబల్ల ఎవరు వేశారని హైమవతికి అనుమానం రాదు. అవతలి ఒడ్డు ఎక్కడుందో చూద్దామని మెడ చాచితే తెల్లటి వెలుతురు తప్ప ఏమీ ఆనడం లేదు, సరే వచ్చినప్పుడే వస్తుందిలే అనుకుని చేతిలో ముక్కల వంక చూసుకుంటుంది.

ఈ వదిన పేరు నీరజాక్షి, హైమవతి అన్నయ్య పట్టాభిరామయ్య భార్య. వదినా ఆడపడుచులకి ఒకరి గరిటె ఒకరికి పడదని లోకంలో ఒక మాట ఉంది. వీళ్ళ విషయంలో అది అక్షరాలా నిజం. వదిన పులుసులో బెల్లం గుమ్మరిస్తుందని హైమ, హైమ కూరలో ఉప్పూ కారం పిసినారితనంగా వేస్తుందని వదిన, వంటింట్లో ఏ పండగకీ సవ్యంగా మాట్లాడుకున్న పాపాన పోలేదు. కానీ సాయంత్రం క్లబ్బుకి వెళ్ళి బ్రిడ్జి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారంటే మాత్రం రెండు ఒళ్ళు, ఒకటే ప్రాణం. ఆ ఆటలో ఎదురుగా కూర్చున్న మనిషే మన జత, కుడిఎడమల కూర్చున్న ఇద్దరూ ప్రత్యర్థులు. ఇరవై ఏళ్ళ పైచిలుకు వాళ్ళిద్దరూ అలా ఎదురెదురుగా కూర్చున్నారు, ఆ బల్ల దగ్గరికి రావాలంటే మీసాలున్న మగవాళ్ళు కూడా కాస్త నీళ్ళు నమిలేవారు. అన్నయ్య మాత్రం ఎన్నడూ ఆ ఛాయలకి రాలేదు. పోర్టులో ఓడలకి లంగరు వేయించి రిటైరైన మనిషి, ఆయన దృష్టిలో పేకాట అంటే పనిలేని మంగలి పిల్లి తల గొరిగిన వ్యవహారం.

"ఏంటే, అలా దిగాలుగా చూస్తావు? నీ మొహం చూస్తే నీ చేతిలో ఏముందో ఊరంతటికీ తెలిసిపోతుంది" అంటోంది వదిన. "మొహం నాది, ముక్కలు నీకెందుకు?" అంటుంది హైమవతి, కానీ వదిన్ని ఒక మాట అడగాలి, ఈ నాలుగు నెలలుగా అన్నం తింటున్నా, గుడికి వెళ్ళినా, అదొక్కటే ఆమెని తొలుస్తోంది.

ఆస్పత్రిలో చివరి రోజు సంగతి అది. అప్పటికి వదినకి మాట పడిపోయింది, కళ్ళు తెరిచి ఉన్నాయి గాని ఎటు చూస్తున్నాయో తెలిసేది కాదు. పెద్ద డాక్టరు వచ్చి, అన్నయ్యనీ హైమనీ మంచం పక్కనే నిలబెట్టి, మృదువుగానే, చెప్పాల్సిందంతా చెప్పి వెళ్ళిపోయాడు. అన్నయ్య గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా హైమ వంక చూశాడు. ఆ చూపు చూడలేక హైమ గట్టిగా, వరండాలో నర్సు కూడా తిరిగి చూసేంత గట్టిగా, "ఆయన మొహం, ఈ డాక్టర్లు ఇలాగే అంటారు, వదినకేం అన్నయ్యా, రెండ్రోజుల్లో లేచి కూర్చుంటుంది" అంది. అప్పుడు వదిన చెయ్యి కదిలింది. మంచం పక్క ఇనుప కమ్మీ మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది, టక్ టక్ అని. నీళ్ళు కావాలేమోనని హైమ చెంచాతో పట్టింది. నీళ్ళు మింగుడు పడలేదు, పెదవి చివర్నించి జారి చెవి దగ్గర జుట్టులోకి పోయాయి. ఆ సాయంత్రమే వదిన వెళ్ళిపోయింది. ఏం అడిగిందో, ఏది ఇవ్వలేకపోయానో అన్న బెంగ హైమకి అప్పట్నించి పట్టుకుంది. నీళ్ళా, అన్నయ్య చెయ్యా, కిటికీ తలుపు తియ్యమనా? కర్మకాండలన్నీ శాస్త్రోక్తంగా జరిగాయి, పంతులుగారు ఆత్మ తృప్తిగా వెళ్ళిందన్నారు, కానీ ఆయనకేం తెలుసు, ఆయన చెంచా పట్టుకుని నిలబడలేదు.

"వదినా, ఆ రోజు నువ్వు..." అని హైమవతి నోరు తెరుస్తుంది.

"ష్" అంటోంది వదిన. "పాట మొదలైంది. బల్ల దగ్గర జతని ఏదీ అడక్కూడదు, మర్చిపోయావా?"

నిజమే. బ్రిడ్జిలో పాట అంటే గొంతెత్తి పాడేది కాదు, ఏ రంగులో ఎన్ని పట్లు పడతామో ముక్క వేయకముందే వంతులవారీగా పలికే వేలంపాట. ఆ పలుకుల్లోనే నీ చేతిలో ఏముందో ఎదుటి మనిషికి చెప్పుకోవాలి, అంతకుమించి కన్నుగీటినా, దగ్గినా, ఏంటలా అన్నావని నోరు తెరిచి అడిగినా తప్పే. ప్రపంచంలో ప్రత్యర్థి ఎవడైనా నీ జత మాటకి అర్థం అడగొచ్చు, నువ్వు తప్ప. ఎవడు పెట్టాడో గాని ఈ న్యాయం, కాపురాలు చేసినవాడే పెట్టి ఉంటాడు.

హైమవతి ఎడమవైపు చూస్తే తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన కూర్చుని ఉన్నాడు. మొహం పోల్చుకుందామంటే నిలవడం లేదు, ఒకసారి కరెంటాఫీసు ఎస్.ఈ.గారిలా ఉన్నాడు, ఒకసారి ఆస్పత్రి పెద్ద డాక్టరులా ఉన్నాడు, ఒకసారి పంటు నడిపే సరంగులా నీళ్ళ వంక చూస్తున్నాడు. ఎలా ఉన్నా మర్యాదస్తుడు, ముక్కలు మూసి ఒళ్ళో పెట్టుకుని, తొందరేం లేదన్నట్టు గొంతు సవరించుకుని, "వన్ క్లబ్" అంటున్నాడు. కుడివైపు కూర్చున్న ఆయన జత వెంటనే బల్ల మీద రెండుసార్లు తడుతున్నాడు, టక్ టక్ అని.

ఆ చప్పుడుకి హైమవతి చటుక్కున తల ఎత్తుతుంది. వినడం ఇరవై ఏళ్ళుగా వింటున్నదే. పైకి పలికిన మాట ఒకటీ లోపలి అర్థం ఇంకొకటీ అయినప్పుడు, పలికినవాళ్ళ జత బల్ల తట్టాలి. ఇందులో ఒక సంగతి ఉంది, మేం దాచడం లేదు, కావలిస్తే అడగండి అని అవతలివాళ్ళకి చెప్పడం అది. పెద్ద ఊళ్ళ పోటీల్లో ఇప్పుడు దానికి అట్టముక్కలవీ వచ్చాయి గాని వీళ్ళ క్లబ్బులో ఈనాటికీ వేలి కణుపే. తట్టినాయన్ని వదిన అడగనే అడుగుతోంది, "ఏంటండి దానర్థం?" అని.

"కళావర్లు ఉన్నాయని కాదమ్మా" అంటున్నాడాయన ఎంతో వినయంగా. "మా జత దగ్గర బలం చాలా ఉందని. ఆసులు, రాజులు, దాదాపు అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయని. ఎటువైపు వెళ్ళాలన్నది మేం ఇక మెల్లగా మాట్లాడుకుంటాం."

ఇలాంటి వన్ క్లబ్ వినగానే మామూలు ఆటగాళ్ళు చేతులు ముడుచుకుంటారు. అన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నప్పుడు మనం పలికేదేముంది, పాస్, పాస్ అని కూర్చుంటారు, వాళ్ళు చల్లగా, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ, నీ దగ్గర ఇదుందా, నా దగ్గర అదుందని కబుర్లు చెప్పుకుని పెద్దాట కొట్టుకుపోతారు. నీరజాక్షి అలా కూర్చునే మనిషి కాదు. ఆవిడ సిద్ధాంతం వేరు. "వాడు కబుర్లు చెప్పుకోవడానికి చోటు కావాలి హైమా. ఆ చోట్లో మనం వెళ్ళి చాప వేసుకుని కూర్చోవాలి. చేతిలో సరుకుంటే నోరు మూసుకో, నిండుకుండ తొణకదు, దాని వంతు తర్వాత వస్తుంది. ఏమీ లేదనుకో, అప్పుడే గట్టిగా కేకెయ్. ఒక రంగు పొడుగ్గా ఉంటే చాలు, రెండు మెట్లు ఒక్కసారి ఎక్కి కూర్చో" అనేది. ఆ మాట విన్న ఎస్.ఈ.గారు ఒకసారి, "మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టుందమ్మా మీ ఆట" అని దెప్పిపొడిస్తే, వదిన ముక్కల్లోంచి కళ్ళెత్తకుండానే, "వాసనకి మీరు తల తిప్పుకున్నారా లేదా అండి, మాకు అంతే కావాలి" అంది. ఆ రోజు వాళ్ళ పాట తప్పి, గెలవాల్సిన ఆట వదులుకుని వెళ్ళారు.

ఇప్పుడూ వదిన అదే చేస్తోంది. ముక్కలు ఒకసారి మూసి, మళ్ళీ విప్పి, పంటు ఒక్క ఊపు ఊగి నిలదొక్కుకునేదాకా ఆగి, "టూ స్పేడ్స్" అంటోంది. అంటే వదిన దగ్గర ఇస్పేట్లు ఆరున్నాయి, ఇంకేమీ లేదు. కుడివైపు ఆయన కాస్త తడబడి, పలకడానికి చోటు చాలక, "డబుల్" అంటున్నాడు. హైమవతి వంతు వచ్చింది.

ఆమె తన చేతిలోకి చూసుకుంటే నాలుగు చిన్న ఇస్పేట్లున్నాయి, మిగతావన్నీ ఎందుకూ కొరగాని ముక్కలు, ఒక్క బొమ్మ లేదు. చూస్తుండగా బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ తెల్లటి దుప్పటి అవుతోంది, అంచున ఇనుప కమ్మీ మొలుస్తోంది, ఫ్యాను కిర్రుమనడం సెలైను సీసా బొట్టు పడే చప్పుడంత నెమ్మదిస్తోంది. అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడి తన వంకే చూస్తున్నాడు. తెల్లచొక్కా ఆయన తొందరపెట్టడం లేదు, అసలు ఆయన ఎప్పుడూ తొందరపెట్టే మనిషిలా లేడు, తొందరెందుకు, అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఆ నింపాదితనం చూసి హైమవతికి ఒళ్ళు మండుతుంది. భయం కూడా వేస్తుంది, కానీ ఆమెకి భయం వేస్తే ముందు వచ్చేది కోపమే.

"ఫోర్ స్పేడ్స్" అంటుంది, పంటు మీద ఎక్కడో కూర్చున్న కాకులు లేచిపోయేంత గట్టిగా.

అప్పుడు వదిన వేలి కణుపుతో తడుతోంది, టక్ టక్.

అదే చప్పుడు. ఇనుప కమ్మీ మీద పడిన చప్పుడే. హైమవతి ముక్కలు జారిపోతాయేమోనని రెండు చేతులతోనూ పట్టుకుంటుంది. ఎందుకు తట్టావు వదినా అని అరవాలని ఉంది, అడగడానికి వీల్లేదు, జతని జత అడక్కూడదు. అందుకని ఆ తెల్లచొక్కా ఆయన వంక తిరిగి, చెయ్యెత్తి దండం పెట్టినంత పని చేస్తుంది, మీరడగండి, ఒక్క మాట మీరడగండి అని కళ్ళతోనే బతిమాలుతుంది. ఆయన ఆ చూపు చూశాడో లేదో, ఒక్క క్షణం నీళ్ళ వంక చూసి, వదిన వైపు కాస్త వంగి, "తట్టారు కదమ్మా. మీ ఆడపడుచుగారు అన్నదానికి అర్థం ఏమిటి?" అంటున్నాడు.

"చెప్తానండి" అంటోంది వదిన. "నువ్వు చెవులు మూసుకోవే. ఇది ఆయనకి చెప్తున్నది, నీకు కాదు. విన్నా విననట్టుండాలి."

హైమవతి చెవులు మూసుకోదు. చేతుల్లో ముక్కలున్నాయి, ఎలా మూసుకుంటుంది.

"మా హైమ ఫోర్ స్పేడ్స్ అంటే దాని దగ్గర అంత సరుకుందని కాదండి" అని మొదలుపెడుతోంది వదిన, క్లబ్బులో ఎవరికైనా చెప్పేటప్పటి ఆ చదువుకున్న గొంతుతో, కానీ చెప్పేకొద్దీ ఆ గొంతు వంటింటి గొంతు అయిపోతోంది. "దాని దగ్గర ఏమీ ఉండదు. అన్నీ మీ దగ్గరే ఉన్నాయని మీరొచ్చి చెప్పేశారు, అది వింది, నమ్మింది కూడాను. మీ మాట మీద దానికేం అనుమానం లేదు. కాకపోతే మీరు మెల్లగా ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే చూస్తూ కూర్చోలేదు. అందుకని గట్టిగా అంటుంది. వదినకేం, లేచి కూర్చుంటుంది అంటుంది. దానర్థం వదిన లేవదని తనకి తెలుసునని. వదిన లేకపోతే తనకి దిక్కుతోచదని. వాళ్ళ అన్నయ్య మొహం చూడలేకపోతోందని. మాలో మాకు ఇది ఎప్పట్నించో ఉన్న ఒప్పందమేనండి, దాపరికం ఏమీ లేదు. అది పలికితే నాకు అర్థమవుతుంది. అర్థమైంది కాబట్టే తట్టాను. అర్థం కానివాళ్ళు తట్టరు కదండి."

"ధన్యవాదాలమ్మా" అంటున్నాడాయన, నిజంగానే విషయం తెలుసుకున్న మనిషిలా తల ఊపుతూ.

హైమవతికి కళ్ళు నిండిపోతున్నాయి. ఇదా, ఇంతేనా, ఇదేనా అడిగింది అనుకుంటుంది. కాదు, ఏమీ అడగలేదు వదిన, నీ మాట నాకు అందిందని చెప్పింది, చెంచాలూ నీళ్ళూ అన్నీ తను పెట్టుకున్నవే. విన్నా విననట్టుండాలన్న సంగతి మర్చిపోయి, "నేను నీళ్ళనుకున్నాను వదినా" అనేస్తుంది.

"అనుకున్నావులే. చెవిలో పోశావు" అంటోంది వదిన. "జడ తడిసింది. చల్లగానే ఉందిలే, బాగుంది."

"అన్నయ్య ఏమీ అడగలేదు."

"ఆయన అడగరు" అంటోంది వదిన, ఇంకేదో అనబోయి ఊరుకున్నట్టు, ముక్కలు ఒకసారి సర్దుకుని.

తెల్లచొక్కా ఆయన "డబుల్" అంటున్నాడు, మీరు ఇది ఆడి గట్టెక్కలేరమ్మా అని ఆ ఆటలో మర్యాదగా చెప్పే పద్ధతి అది, ఓడితే జరిమానా పెరుగుతుంది. వదిన "పాస్" అంటోంది. కుడివైపు ఆయనా "పాస్". ఇక హైమవతి కూడా పాస్ అంటే పాట ముగుస్తుంది, ముక్క పడుతుంది, హైమ తన ముక్కలన్నీ బల్ల మీద వెల్లకిలా పరిచేసి ఇక నోరెత్తకుండా చూస్తూ కూర్చోవాలి, ఆటంతా వదిన ఒక్కతే ఆడుకోవాలి. ఆ సంగతి తెలిసి హైమవతి పెదవి కదపడం లేదు. పంటు ఊగడం తగ్గింది. తెల్లటి వెలుతురులో ఒడ్డు లాంటిదేదో కనిపిస్తోంది, రేవు మెట్లు, మెట్ల మీద ఎవరో బట్టలు ఉతుకుతున్నారు.

"అను" అంటోంది వదిన.

"అంటే నువ్వు వెళ్ళిపోతావు."

"అనకపోతే ఆడటం ఎలాగే? సర్దుకున్న ముక్కలు పట్టుకుని ఎంతసేపని కూర్చోను, చేతులు లాగేస్తున్నాయి."

"ఓడిపోతావు వదినా. నా దగ్గర ఒక్క బొమ్మ లేదు. నాలుగు పట్లు తగ్గుతాయి."

"తగ్గనీ" అంటోంది వదిన, ఎంత తేలిగ్గా అంటోందంటే, మాగాయ జాడీలో నూనె ఓ చెంచా తగ్గిందన్నట్టు. "అన్నీ వాళ్ళ దగ్గరున్న రోజున మనం గెలవడానికి కూర్చోలేదే హైమా. వాళ్ళు అనుకున్నంత తేలిగ్గా పోనివ్వకుండా కూర్చున్నాం. ఆ డాక్టరు మొదటిసారి నా జబ్బు సంగతి చెప్పాక నేను ఊరుకున్నానా? రెండు జాడీల మాగాయ పెట్టలేదూ? ఉప్పాడ వెళ్ళి చీర కొనలేదూ? జనవరి పోటీలకి మనిద్దరి పేర్లూ ఇవ్వలేదూ? చేతిలో ఏముందని అవన్నీ పలికాను? నువ్వు మాత్రం, ఇదెందుకు వదినా అని ఒక్కసారి అడిగావా? రెండు జాడీలంటే మూడు పెడదామన్నావు. జత అంటే అదేనే. బాగానే ఆడాం మనం. ఇక పాస్ అను."

హైమవతి వదిన మొహాన్ని కళ్ళారా చూసుకుంటుంది. నుదుటి మీద కుంకుమ కాస్త పక్కకి జరిగింది, ఎప్పుడూ అలాగే జరిగేది, చెబితే ఇంకా పక్కకి దిద్దుకునేది. చెప్పదు. "పాస్" అంటుంది. తెల్లచొక్కా ఆయన జత మొదటి ముక్క వేస్తున్నాడు. హైమవతి తన ముక్కలు ఒక్కొక్కటే బల్ల మీద పరుస్తుంది, నాలుగు చిన్న ఇస్పేట్లూ ముందు, వాటి పక్కన మిగతా దరిద్రమంతా. వదిన కొంగు నడుముకి దోపుకుని ముందుకి వంగుతోంది, ఆట మొదలైతే ఆవిడకి లోకం పట్టదు, ఎవరు పిలిచినా పలకదు, పంటు రేవుకి తగిలి ఆగినా తల ఎత్తదు, హైమవతి నోరు మూసుకుని, న్యాయం ప్రకారం, చూస్తూ కూర్చుంటుంది, చెక్కల సందుల్లోంచి నీళ్ళు పైకి వచ్చి పాదాలకి, మోకాళ్ళకి, మెడకి, చెవికి చల్లగా తగులుతున్నాయి.

చెవిలో తడి. హైమవతి కళ్ళు తెరిచింది. తన కన్నీళ్ళే, వెల్లకిలా పడుకోవడంతో జారి చెవి దగ్గర జుట్టులోకి పోయాయి.

మధ్యాహ్నం ఇంకా పూర్తిగా వాలలేదు. రోజూలాగే అన్నయ్యకి వంట చేసి పెడదామని వచ్చి, భోజనాలయ్యాక హాల్లో దివాను మీద కాస్త నడుం వాల్చింది, అంతే. ఎదురుగా భోజనాల బల్ల దగ్గర అన్నయ్య కూర్చుని ఉన్నాడు. వదిన పేకని నాలుగు వాటాలుగా పంచి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, తన వాటా ముక్కల్ని తాళంచెవుల గుత్తి పట్టుకున్నట్టు పట్టుకుని తంటాలు పడుతున్నాడు. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి, "నాక్కూడా నేర్పకూడదూ? క్లబ్బుకి నీకో జత కావాలి కదా" అని అడిగితే, "ఈ వయసులో నీకెందుకన్నయ్యా, నీకు రాదులే" అని హైమవతి కొట్టిపారేసింది. వదిన కుర్చీలో ఇంకో మనిషిని ఊహించుకోవడమే ఆమెకి ఇష్టం లేకపోయింది.

"ఏమ్మా, ఏడుస్తున్నావా?" అన్నాడు అన్నయ్య.

"లేదన్నయ్యా" అంది హైమవతి చెంగుతో చెవి తుడుచుకుంటూ. "బాగానే ఉన్నాను."

అన్నయ్య ముక్కల్లోంచి తల ఎత్తలేదు. ఖాళీగా ఉన్న చెయ్యి చాచి, వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు తట్టాడు.

హైమవతి లేచి కూర్చుంది.

"అది నీకెవరు నేర్పారు?"

"ఒకరు నేర్పాలా? మీ వదిన క్లబ్బులోనే తట్టేదనుకున్నావా? నాకు ఆకలిగా లేదని నేనంటే తట్టేది. మీ పుట్టింటివాళ్ళంటే నాకెంతో గౌరవం అంటే తట్టేది. వచ్చినవాళ్ళు ఏంటండీ ఆ చప్పుడని అడిగితే విడమరిచి చెప్పేది కూడాను, నా పరువు తీస్తూ."

"మరి ఆస్పత్రిలో..."

"తట్టింది. విన్నాను" అన్నాడు అన్నయ్య. ఒక ముక్క తీసి ఇంకో చోట గుచ్చాడు, మళ్ళీ తీశాడు. "నీ మాటకి అర్థమేంటో నాకూ తెలుసు, మీ వదినకీ తెలుసు. ఇక అడగడం ఎందుకని ఊరుకున్నాను."

ఫ్యాను కిర్రుమంటోంది. నాలుగు నెలలు, ఈ ఇంట్లోనే, ఒకరికొకరు వడ్డించుకుంటూ, బాగానే ఉన్నాను అంటే బాగానే ఉన్నానని చెప్పుకుంటూ గడిపారు ఇద్దరూ.

"ఇప్పుడు అడుగన్నయ్యా" అంది.

అన్నయ్య కళ్ళజోడు ముక్కు మీదకి లాక్కుని అప్పుడు తల ఎత్తాడు. "బాగానే ఉన్నానంటే ఏంటమ్మా అర్థం?"

"బాగా లేనని" అంది హైమవతి. "వదిన లేకపోతే నాకేం బాగా లేదని."

"నాకూనమ్మా" అన్నాడు అన్నయ్య.

ఆమె లేచి, మొహం కడుక్కుని వచ్చి, ఆయనకి ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. అది వదిన కుర్చీయే. తన వాటా ముక్కలు చేతిలోకి తీసుకుని విప్పబోతూ, అన్నయ్య చేతిలో ఆ గందరగోళం చూడలేక ఆగింది.

"అలా కాదన్నయ్యా. అన్ని నల్లవీ ఒకచోట పెడితే కళావరేదో ఇస్పేటేదో కలిసిపోతుంది. నల్లవీ ఎర్రవీ పక్కపక్కన వచ్చేలా సర్దుకో."